పాత తెరచాప పడవలకు కొత్త తాళ్లు, కొత్త కప్పీలు

తెరచాప మీద పడిన గాలి బలం ముందు తాటి మీదికి వస్తుంది. తాటి నుంచి కప్పీకి, కప్పీ నుంచి దాన్ని బిగించిన బోల్టుకు, బోల్టు నుంచి డెక్కుకు దిగుతుంది. ఈ దారిలో ఎక్కడా బలం జారిపోకుండా చివరిదాకా చేరితేనే పడవ ముందుకు సాగుతుంది. ముప్పై, నలభై ఏళ్ల కిందట ఫైబర్‌గ్లాసుతో పోతపోసిన పడవల్లో అడుగూ పక్కలూ ఇప్పటికీ గట్టిగానే ఉంటాయి. ముందు పాడయ్యేవి తాళ్లు, కప్పీలు, తాటిని పట్టి ఉంచే క్లీట్లు, తాటిని చుట్టి లాగే వించ్‌లు, వాటి కింద కంటికి కనబడని డెక్కు గర్భం. వీటిని మార్చడం, మెరుగుపరచడం పాత పడవకు చేయించే పనుల్లో అన్నిటికన్నా ఫలితమిచ్చేది. పొరపాటు జరిగితే అన్నిటికన్నా నష్టం చేసేది కూడా ఇదే.

పాత తాడు తీసి రెట్టింపు బలమున్న కొత్త తాడు వేస్తే పడవ బలపడిందని చాలామంది అనుకుంటారు. బలపడింది తాడు ఒక్కటే. పాత తాడు కొంచెం సాగి, గాలి దెబ్బను తనలో ఇముడ్చుకునేది. సాగని కొత్త తాడు ఆ దెబ్బను ఉన్నదున్నట్టుగా కప్పీకి, బోల్టుకు, డెక్కుకు అందిస్తుంది. అప్పటిదాకా ఏ ఇబ్బందీ పెట్టని ముప్పై ఏళ్ల బోల్టు అప్పుడు ఊడివస్తుంది. అందుకే ఈ పనిలో తాటినీ లోహాన్నీ చెక్కనూ ఒకే గొలుసుగా చూడాలి. ఈ వ్యాసం ఆ చూపుతోనే సాగుతుంది.

తాళ్లు, వాటి పనులు

పడవ తాళ్లు రెండు రకాలు. తెరచాపను మోసే నిలువు కొయ్యను, అంటే మాస్టును, కదలకుండా నిలబెట్టే ఉక్కు తీగలది ఒక జాతి. తెరచాపను ఎత్తడానికి, దించడానికి, తిప్పడానికి, దాని ఆకారం మార్చడానికి వాడే తాళ్లది మరో జాతి. ఈ వ్యాసానికి రెండోదే విషయం.

తెరచాపను మాస్టు పైకి ఎత్తేది హాలియార్డ్. గాలి వచ్చే వైపును బట్టి తెరచాపను లోపలికి లాగేది, బయటికి వదిలేది షీట్. తెరచాప అడుగు అంచు వెంట ఉండే అడ్డుకొయ్య బూమ్. తెరచాప వెనక మూలను బూమ్ చివరి వైపు లాగి అడుగు భాగాన్ని చదును చేసేది అవుట్‌హాల్. బూమ్ పైకి లేవకుండా కిందికి పట్టి ఉంచేది వాంగ్. తెరచాప ముందు అంచును కిందికి లాగి, దాని పొట్టను ముందుకు జరిపే తాడు కన్నింగ్‌హామ్. 1958లో అమెరికాస్ కప్ గెలిచిన కొలంబియా పడవ సారథి బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ పేరే దానికి స్థిరపడింది. షీట్ కప్పీని పడవకు అడ్డంగా అటూ ఇటూ జరిపే పట్టా ట్రావెలర్. గాలి పెరిగినప్పుడు తెరచాపను కొంత మడిచి చిన్నది చేసే తాళ్లు రీఫింగ్ తాళ్లు.

వీటిలో ఏది సరిగ్గా పనిచేయకపోయినా తెరచాప ఆకారం చెడుతుంది. హాలియార్డ్ సాగితే ముందు అంచు వదులై, తెరచాప పొట్ట వెనక్కి జరుగుతుంది. పడవ ముందుకు పోవడం తగ్గి పక్కకు వాలడం ఎక్కువవుతుంది. చుక్కాని పట్టుకున్నవారి చేతికి బరువు తెలుస్తుంది. పాత పడవ యజమానులు దీన్ని పడవ స్వభావమనుకుని ఏళ్లతరబడి సర్దుకుపోతుంటారు. చాలాసార్లు అది సాగిన తాటి దోషం మాత్రమే.

తెలుగునాట తెరచాప

శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. గోదావరి పాయ మీది కోరంగి, ఉప్పెనల్లో దెబ్బతినకముందు, ఓడలు కట్టే రేవుగా, దూరప్రాంతాల ఓడలు మరమ్మతుకు వచ్చే రేవుగా పేరుపడింది. పక్కనున్న తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే విద్య ఆ రేవు దెబ్బతిన్నాక కూడా ఆగిపోలేదు. ఆనకట్టలు వచ్చాక కృష్ణా, గోదావరి డెల్టాల కాలువలు సరుకు రవాణాకూ దారులయ్యాయి. విజయవాడ నుంచి ఏలూరు దాకా సాగే కాలువ ఆ రెండు నదుల వ్యవస్థలనూ కలిపింది. గాలి అనుకూలిస్తే పడవవాళ్లు తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాటితో లాగేవారు.  ఆ పడవలకు కొబ్బరి పీచు తాళ్లు, కొయ్య కప్పీలు ఉండేవి. తాడు అరిగితే కొత్త తాడు పేనుకునేవారు. డెక్ సామగ్రి అని వేరుగా చెప్పుకోదగ్గది పెద్దగా లేదు.

ఈనాటి సామగ్రితో తెరచాప పడవ చూడాలంటే హైదరాబాద్‌లోని హుస్సేన్ సాగర్‌కో, విశాఖపట్నంలోని నౌకాదళ కేంద్రానికో వెళ్లాలి. పదహారో శతాబ్దంలో తవ్విన హుస్సేన్ సాగర్‌లో సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ చిన్న పడవలు నడుపుతున్నాయి. యాట్ క్లబ్ పేద కుటుంబాల పిల్లలకు ఆప్టిమిస్ట్ రకం చిన్న పడవల మీద శిక్షణ ఇచ్చి జాతీయ పోటీలకు పంపుతోంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో దేశం నలుమూలల నుంచి వచ్చిన లేజర్ రకం చిన్న పడవలు పోటీపడతాయి. మన దగ్గర తాళ్లు, కప్పీలు మార్చే పని అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఈ చిన్న పడవల మీదే. ఇక్కడ నేర్చుకున్నది పెద్ద పడవకూ పనికొస్తుంది, ఎందుకంటే మారేది కొలతలే, సూత్రం కాదు.

లారీ మోకు, లేజర్ వాంగ్

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నూజివీడు నుంచి, నున్న మార్కెట్ నుంచి రసాలు, బంగినపల్లి మామిడికాయలు లారీల్లో వెళతాయి. బరువు మీద టార్పాలిన్ కప్పి మోకు బిగించే మనిషి చేతిపని పడవ వాంగ్‌ను అర్థం చేసుకోవడానికి గమనించదగ్గది. మోకు మధ్యలో ఒక ఉచ్చు వేస్తాడు. కొసను లారీ అంచు కొక్కెం కిందుగా తిప్పి, పైకి తెచ్చి ఆ ఉచ్చులో దూర్చి కిందికి లాగుతాడు. లెక్క ప్రకారం అతని లాగుడు మూడింతలై మోకు మీద పడాలి. కానీ తాటి మీద తాడు ఒరుసుకోవడం వల్ల అందులో పెద్ద భాగం రాపిడికే పోతుంది. అయినా టార్పాలిన్ బిగుస్తుంది. ఒకసారి బిగించిన మోకు వెంటనే వదులు కాకుండా పట్టి ఉంచేది కూడా ఆ రాపిడే.

పడవ వాంగ్ పనిచేసేదీ ఇదే సూత్రం మీద. అయితే పడవలో బిగించిన తాటిని క్షణంలో వదలాల్సి వస్తుంది. అందుకని రాపిడిని తీసేసి దాని స్థానంలో చక్రాలున్న కప్పీలను, పట్టి ఉంచడానికి క్లీటును పెడతారు. లారీ మోకులో ఒకే చోట జరిగే రెండు పనులను పడవలో రెండు వస్తువులకు పంచుతారన్నమాట.

లేజర్ పడవను కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ రూపొందించాడు. పొడవు 4.23 మీటర్లు, పెద్ద తెరచాప విస్తీర్ణం 7.06 చదరపు మీటర్లు. ప్రపంచంలో రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. తొలినాళ్ల లేజర్‌లో వాంగ్‌కు కొద్దిపాటి కప్పీలే ఉండేవి. కన్నింగ్‌హామ్, అవుట్‌హాల్ తాళ్లను ముడులతో, ఉచ్చులతో సర్దుకోవాలి. గట్టి గాలిలో వాటిని సరిచేయాలంటే మంచి బరువూ కండబలమూ ఉండాలి. 2000ల ఆరంభంలో ఈ తరగతి పడవల పోటీ నియమాలు సడలించి మెరుగైన కప్పీలను అనుమతించారు. ఇప్పటి నియమాల ప్రకారం వాంగ్ లాగుడు పదిహేనింతల దాకా పెంచుకోవచ్చు. ఊరికే ఏదీ రాదు కాబట్టి, ఒక సెంటీమీటరు బిగించడానికి పదిహేను సెంటీమీటర్ల తాడు లాగాలి. దానికి ఇబ్బందిపడేవారు తక్కువ. తేలికపాటి పిల్లలు, ఆడపిల్లలు గట్టి గాలిలో కూడా పడవను అదుపులో పెట్టుకోవడానికి ఈ మార్పు చేసిన మేలు పెద్దది. పాత సామగ్రితో ఉన్న లేజర్‌ను శిక్షణకు వాడే ఏ క్లబ్బు అయినా ముందు ఖర్చుపెట్టాల్సింది ఇక్కడే.

గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగింతలవుతుంది. 7.06 చదరపు మీటర్ల తెరచాప మీద పది నాట్ల గాలి ఒత్తిడి స్థూలంగా 11.5 కిలోలు. ఇరవై నాట్లకు అది 45 కిలోలు దాటుతుంది. మెల్లని గాలిలో చక్కగా పనిచేసిన పాత క్లీటు గట్టి గాలి రోజున జారిపోవడానికి కారణం ఇదే. సామగ్రిని ఎంచుకునేటప్పుడు సాయంత్రపు పిల్లగాలిని కాక, వేసవి చివర వచ్చే ఈదురుగాలిని లెక్కలోకి తీసుకోవాలి.

తాడు

కొబ్బరి పీచు, జనుము, మనీలా తాళ్ల తర్వాత నైలాన్, పాలిస్టర్ వచ్చాయి. బాగా సాగుతుంది కనుక నైలాన్ లంగరు తాటికి మంచిది, తెరచాపకు పనికిరాదు. పాలిస్టర్‌ను 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టారు. ఎండకు, ఉప్పునీటికి, ఒరుపుకు బాగా ఆగుతుంది, ధర అందుబాటులో ఉంటుంది. అందుకే చాలా పడవల్లో ఇప్పటికీ అదే ఉంది. దాని లోపం సాగుదల. పదిహేను మీటర్ల హాలియార్డ్ మూడు శాతం సాగితే 45 సెంటీమీటర్లు పోయినట్టు.

ఈ లోపం తీర్చడానికి కెవ్లార్ వంటి అరామిడ్ నారలు వచ్చాయి. అవి సాగవు కానీ మళ్లీ మళ్లీ వంచితే లోపల విరుగుతాయి, ఎండకు తొందరగా బలం కోల్పోతాయి. ఆ తర్వాత వచ్చిన డైనీమా, స్పెక్ట్రా రకం నార ఈ రంగాన్నే మార్చేసింది. అది పాలిథీన్ కుటుంబానిదే. అణు గొలుసులు బాగా పొడవుగా ఉండి ఒకే దిశలో బారుగా అమరడం వల్ల అంత బలం వస్తుంది. నీటికన్నా తేలిక, కాబట్టి తేలుతుంది. మామూలు పని బరువు మీద ఒక శాతం కన్నా తక్కువే సాగుతుంది. అదే మందం పాలిస్టర్ తాటితో పోలిస్తే బలం సుమారు రెట్టింపు.

డైనీమాకు మూడు బలహీనతలున్నాయి. ఒకటి, అది సుమారు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. పాలిస్టర్ 250 దాటేదాకా ఆగుతుంది. బరువు మీదున్న తాటిని వించ్ చుట్టూ గబగబా వదిలితే పుట్టే వేడికి డైనీమా పైపొర గాజులా మెరిసి గట్టిపడుతుంది. అందుకే పాలిస్టర్ తొడుగున్న తాడు తీసుకోవాలి. రెండు, అది నున్నగా ఉంటుంది. ముడి నిలవదు, తాటిని నొక్కిపట్టే క్లచ్‌లో జారుతుంది. ముడి వేస్తే బలం సగానికి సగం పోవచ్చు. దానికి విరుగుడు ముడి బదులు చివరన కన్ను, అంటే ఒక వలయం, అల్లడం. తొడుగు లేని డైనీమా తాటిలో కొసను లోపలికి దూర్చేటప్పుడు మందానికి 72 రెట్ల పొడవు లోపల ఉండాలనేది ఎక్కువమంది పాటించే కొలత. అంటే 6 మిల్లీమీటర్ల తాటికి 43 సెంటీమీటర్లు. మూడు, నెలల తరబడి బరువు మీద ఉంచితే అది కొద్దికొద్దిగా శాశ్వతంగా సాగిపోతుంది. మాస్టు మీద తెరచాపను ఎప్పుడూ ఎత్తే ఉంచే పడవలకు ఈ గుణం తక్కువున్న రకాన్ని చూసి కొనాలి.

అన్ని తాళ్లూ డైనీమా అక్కర్లేదు. హాలియార్డ్‌కు, వాంగ్‌కు, అవుట్‌హాల్‌కు, కన్నింగ్‌హామ్‌కు అది ఖర్చుకు తగ్గ ఫలితమిస్తుంది. మెయిన్‌షీట్ రోజంతా చేతిలో ఉండే తాడు. దానికి మెత్తని పాలిస్టరే నయం. బలం లెక్క ప్రకారం 6 మిల్లీమీటర్ల తాడు చాలినా, చేత్తో పట్టి లాగే తాడు 8 మిల్లీమీటర్లకు తగ్గితే అరచేయి కోసుకుపోతుంది. తెగే బలంలో ఐదో వంతుకు మించి రోజువారీ బరువు పడకుండా చూసుకోవడం పాత నియమం, ఇప్పటికీ మంచి నియమం.

విశాఖ, కాకినాడ చేపల రేవుల దుకాణాల్లో దొరికే నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ మోకులు చవక. వలలకు, పడవ కట్టడానికి సరిపోతాయి. తెరచాప తాళ్లుగా మాత్రం వాటిని వాడకూడదు. ఎండకు పెళుసుబారతాయి, సాగుతాయి, క్లీటు పళ్లలో నార రేగుతుంది. మంచి తాటికి ఎప్పుడూ విదేశాల వైపే చూడనక్కరలేదు. పుణె కేంద్రంగా పనిచేసే గార్వారే టెక్నికల్ ఫైబర్స్ వంటి సంస్థలు డైనీమా తరహా నారతో మోకులు ఇక్కడే తయారుచేస్తున్నాయి.

1970లు, 80ల పెద్ద పడవల్లో హాలియార్డ్ సగం ఉక్కు తీగ, సగం తాడు. తీగ పోగులు విరిగి బయటికి పొడుచుకొస్తే చేతులు చీరుకుపోతాయి. దాన్ని తీసేసి పూర్తిగా డైనీమా వేయడం మంచి మార్పే. కానీ మాస్టు కొస మీది చక్రం తీగ కోసం చేసినది. దాని గాడి సన్నగా, లోతుగా ఉంటుంది, తీగ ఒరుపుకు అంచులు రంపంలా మారి ఉంటాయి. ఆ చక్రాన్ని మార్చకుండా తాడు వేస్తే తొలి వారాల్లోనే తొడుగు చీలిపోతుంది. చక్రం వ్యాసం తాటి మందానికి కనీసం ఎనిమిది రెట్లుండాలి.

కొత్త హాలియార్డ్ ఎక్కించడానికి మాస్టు దించక్కర్లేదు. పాత తాటి చివర, కొత్త తాటి మొదలు రెండూ ఎదురెదురుగా పెట్టి, దారంతో గట్టిగా కుట్టి, కుట్టు మీద సన్నని టేపు చుట్టి మెల్లగా లాగితే పాత తాడు వచ్చిన దారినే కొత్తది వెళుతుంది. టేపు ఒక్కదాన్నే నమ్మితే మధ్యలో విడిపోతుంది. అప్పుడు మాస్టు ఎక్కాల్సిందే.

కప్పీలు, క్లీట్లు, వించ్‌లు

కప్పీ మీద పడే బరువు తాటి మీది బరువుతో సమానం కాదు. తాడు కప్పీ చుట్టూ పూర్తిగా వెనక్కి తిరిగితే కప్పీ మీద రెండింతల బరువు పడుతుంది. లంబకోణంలో తిరిగితే 1.41 రెట్లు. 60 డిగ్రీలు మళ్లితే తాటి బరువంతే. 30 డిగ్రీలే మళ్లితే సుమారు సగం. ఈ చిన్న లెక్క చేయకుండా పెద్ద ధర పెట్టి కొన్న కప్పీ తప్పు చోట చేరుతుంది. మాస్టు అడుగున హాలియార్డ్‌ను వెనక్కి మళ్లించే కప్పీకి భారీ సామర్థ్యం కావాలి. డెక్ మీద తాటిని కాస్త పక్కకు జరిపే కప్పీకి చిన్నది చాలు.

రాపిడి సంగతి కూడా లెక్కలోనిదే. బేరింగు లేని పాత చక్రం దగ్గర దాదాపు పదో వంతు లాగుడు పోతుందనుకుంటే, మూడు మలుపులు తిరిగి వచ్చే తాటితో 100 కిలోలు ఎత్తడానికి 137 కిలోల లాగుడు కావాలి. అదే ఇరవయ్యో వంతు మాత్రమే పోయే బాల్ బేరింగు కప్పీలయితే 117 చాలు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పీటర్ హార్కెన్ 1960ల చివర ప్లాస్టిక్ గోళీలతో బేరింగు కప్పీలు చేశాడు. ప్లాస్టిక్ గోళీకి తుప్పు లేదు, నూనె అక్కర్లేదు, బరువు తక్కువ. ఆ పేరుతో నడిచే సంస్థ ఈనాటికీ ఈ సామగ్రిలో ముందుంది. అయితే బాల్ బేరింగు ఎప్పుడూ కదిలే తాటికే. హాలియార్డ్ వంటి తాటిని ఒకసారి బిగించి గంటల తరబడి అలాగే వదిలేస్తారు. అక్కడ గోళీలు ఆ బరువుకు చదునైపోతాయి. దానికి రోలర్ బేరింగు గానీ, గట్టి బుష్ గానీ ఉన్న కప్పీ తీసుకోవాలి. కదలిక మరీ తక్కువున్న చోట చక్రమే లేని నున్నని అల్యూమినియం ఉంగరం పెట్టి డైనీమా తాటితో కట్టేస్తే చాలు. అది తేలిక, చవక, విరగడానికి అందులో ఏమీ లేదు.

క్లచ్ ఒక నిర్ణీత మందం తాటి కోసమే తయారవుతుంది. పాత 12 మిల్లీమీటర్ల పాలిస్టర్ స్థానంలో 8 మిల్లీమీటర్ల డైనీమా వేస్తే పాత క్లచ్ పట్టదు, జారుతుంది. క్లచ్ అయినా మార్చాలి, లేదా తాడు క్లచ్‌లో నిలిచే భాగానికి అదనపు తొడుగు ఎక్కించి మందం పెంచాలి. రెండోది చేత్తో చేసుకోగలిగిన పని. చిన్న పడవల్లో వాడే పళ్ల క్లీట్లకు అరిగిన పళ్లు, అలసిన స్ప్రింగులు తప్ప వేరే జబ్బు ఉండదు. వాటిని మార్చడం ఎక్కువ ఖర్చు కాదు.

వించ్ విషయంలో పాతది పారేయడానికి తొందరపడకూడదు. మంచి కంపెనీల పాత కంచు, స్టీలు వించ్‌లు యజమాని కన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. వాటిని విప్పి, కిరోసిన్‌తో కడిగి, పళ్లచక్రాలకు గ్రీజు పెట్టి, లోపలి చిన్న నాలుకలకు పలుచని నూనె మాత్రమే వేసి బిగిస్తే కొత్తదానిలా తిరుగుతాయి. ఆ నాలుకలకు గ్రీజు పూస్తే అవి అతుక్కుపోయి, బరువు మీద వించ్ పిడి వెనక్కి తిరిగి చేయి విరగ్గొట్టగలదు. వాటి స్ప్రింగులు చాలా చిన్నవి, ధర అంతంతమాత్రం. ప్రతిసారీ కొత్తవి వేయాలి. తాటిని తనంతట తనే పట్టి ఉంచే వించ్‌లకు మారడం ఖరీదైన పని. తక్కువమంది నడిపే పడవకు ఆ ఖర్చు న్యాయమే.

డెక్కు

అసలు పని ఇక్కడ ఉంది. పాత ఫైబర్‌గ్లాస్ డెక్కు ఒకే పలక కాదు. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఫోమో ఉంటుంది. ఆ మధ్య భాగం వల్లే డెక్కు తేలికగా ఉండి కూడా వంగదు. తయారీదారు కప్పీ కోసం ఈ మూడు పొరల గుండా రంధ్రం చేసి బోల్టు దూర్చాడు. బోల్టు చుట్టూ వేసిన మైనం ముప్పై ఏళ్లలో ఎండి వదులైంది. ప్రతి వానకు, ప్రతి అలకు ఒక్కో చుక్క లోపలికి దిగింది. బాల్సా నెమ్మదిగా తడిసి కుళ్లింది. పైకి మాత్రం ఏమీ కనబడదు.

దీన్ని కనిపెట్టడానికి గొప్ప పరికరాలేమీ అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పిడితో డెక్కు మీద వరసగా తడుతూ పోతే, గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతుంది. కప్పీల చుట్టుపక్కల, మాస్టు అడుగున, కిటికీల మూలల్లో జాగ్రత్తగా వినాలి. అనుమానమున్న చోట ఒక బోల్టు విప్పి చూస్తే తడి చెక్క పొడి బయటికి వస్తుంది. కుళ్లు ఎంతమేర ఉందో తేల్చుకోకుండా కొత్త సామగ్రి ఆర్డరు పెట్టడం డబ్బును నీళ్లలో పోయడమే.

కుళ్లు రంధ్రం చుట్టూ మాత్రమే ఉంటే మరమ్మతు సులువు. రంధ్రాన్ని కావలసినదానికన్నా పెద్దగా తొలిచి, వంచిన మేకు కొనను డ్రిల్లుకు బిగించి లోపలి చెక్కను చుట్టూ ఒక వేలు మందాన గీకి తీసేయాలి. ఆరనిచ్చి, అడుగున టేపు వేసి, చిక్కని ఎపాక్సీ నింపాలి. అది గట్టిపడ్డాక మధ్యలో అసలు కొలతకు కొత్త రంధ్రం చేయాలి. ఇప్పుడు బోల్టు చెక్కను తాకదు. మైనం మళ్లీ ఎప్పుడైనా వదిలినా నీరు ఎపాక్సీ గొట్టం గుండా కేబిన్‌లోకి కారుతుంది తప్ప డెక్కు గర్భంలోకి పోదు. బోల్టు బిగించినప్పుడు రెండు పొరలూ ఒకదానికొకటి నొక్కుకుని మధ్య భాగం నలిగిపోవడం కూడా ఆగుతుంది. కుళ్లు అడుగుల మేర వ్యాపించి ఉంటే పై పొరను కోసి తీసి, కొత్త గర్భం వేసి, మళ్లీ ఫైబర్‌గ్లాస్ పరచాలి. అది నెలల పని.

రంధ్రం పై అంచును కొంచెం ఏటవాలుగా చెక్కితే మైనానికి నిలిచే చోటు దొరుకుతుంది. బ్యూటైల్ టేపు గానీ పాలీసల్ఫైడ్ గానీ వాడాలి. ఇంటి బాత్‌రూమ్‌కు వాడే సిలికాన్ డెక్కు సామగ్రికి తగదు. అది పట్టు వదలడమే కాక, దాని జిడ్డు పోక తర్వాత ఏ రంగూ ఏ జిగురూ అంటుకోదు. మరీ గట్టిగా అతికే పాలీయురెథేన్ జిగురుతో వేస్తే, మళ్లీ విప్పాల్సి వచ్చినప్పుడు కప్పీతో పాటు డెక్కు పొర కూడా లేచి వస్తుంది.

డెక్కు కింద ఏముందన్నది పైన ఏముందన్నదాని కన్నా ముఖ్యం. పాత పడవల్లో కప్పీ కింద చిన్న వాషరు, నట్టు మాత్రమే ఉంటాయి. సాగని తాటి దెబ్బకు ఆ వాషరు డెక్కులోకి కూరుకుపోతుంది. దాని స్థానంలో అరచేయంత గాజునార పలక గానీ అల్యూమినియం పలక గానీ వేసి, మూలలు గుండ్రం చేసి, బరువును విశాలంగా పరచాలి. డైనీమా కొనడానికి ముందే ఈ పలకలు వేయాలి.

బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. మాలిబ్డినం కలిసిన ఆ రకం ఉప్పుకు బాగా ఆగుతుంది. బజారులో సులువుగా దొరికే 304 రకం సముద్రపు గాలికి గోధుమ రంగు మరకలు దిగుతుంది. అంతకన్నా మోసకారి సంగతి ఒకటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు నిగనిగలాడాలంటే దానికి గాలి తగులుతుండాలి. తడిసిన డెక్కు గర్భంలో, గాలి ఆడని చోట, పైకి మెరిసే బోల్టే మధ్యలో పెన్సిల్ మొనలా సన్నబడిపోతుంది. తల చుట్టూ తుప్పు చార కనిపిస్తే ఆ వరసలో ఒక్క బోల్టయినా పూర్తిగా బయటికి తీసి చూడాలి. అల్యూమినియం మాస్టుకు స్టీలు సామగ్రి బిగించే చోట రెండు లోహాలూ తాకకుండా నైలాన్ పలచని రేకు గానీ దానికని అమ్మే పేస్టు గానీ మధ్యలో ఉండాలి. లేకపోతే ఉప్పునీరు కలిసి అల్యూమినియంను తెల్లపొడిగా తినేస్తుంది.

లేజర్‌లో డెక్కు తీరు వేరు. అయినా అక్కడా ఒక బలహీన చోటుంది. అది మాస్టు దిగే గొయ్యి. అందులో నీరు పోసి కాసేపు ఆగి చూస్తే, మట్టం తగ్గితే అడుగున పగులున్నట్టు. పదిహేనింతల వాంగ్ వేసి మాస్టును ఎప్పుడూ లేనంత బలంగా వంచే ముందు ఈ పరీక్ష చేయాలి. మామూలు తాటితో గడిచిపోయిన పగులు కొత్త వాంగ్‌తో పోటీ మధ్యలో మాస్టును డెక్కు చీల్చుకుని పడేలా చేస్తుంది.

తాళ్లన్నీ వెనక్కి తేవడం

పాత పడవల్లో హాలియార్డ్‌లు, రీఫింగ్ తాళ్లు మాస్టు దగ్గరే ముగుస్తాయి. గాలి పెరిగినప్పుడు ఒకరు ఊగే డెక్కు మీదుగా మాస్టు దాకా నడవాలి. వాటిని కప్పీల మీదుగా సారథి కూర్చునే చోటికి తెచ్చుకుంటే నడవక్కర్లేదు. బదులుగా మలుపులు పెరుగుతాయి, రాపిడి పెరుగుతుంది, డెక్కుకు కొత్త రంధ్రాలు పడతాయి, కాళ్ల దగ్గర తాళ్ల కుప్ప తయారవుతుంది. నడిపేది ఒకరో ఇద్దరో అయితే తేవడమే క్షేమం. నలుగురైదుగురు ఉండే, గాలి తీరు తెలిసిన తీరంలో తిరిగే పడవకు మాస్టు దగ్గరి తాళ్లే తేలిక, చవక. రీఫింగ్ తాళ్లు మాత్రం ఎవరికైనా చేతికందేలా ఉండాలన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం. తెరచాప తగ్గించడం కష్టమైన పడవలో మనుషులు ఆ పనిని వాయిదా వేస్తారు. ప్రమాదాలు ఆ వాయిదాలోనే జరుగుతాయి.

మన దేశంలో ఈ ప్రశ్నకు పెద్ద ఉదాహరణ ఐఎన్‌ఎస్‌వీ తారిణి. గోవాలోని దివార్ దీవిలో అక్వేరియస్ షిప్‌యార్డ్ కట్టిన 56 అడుగుల పడవ అది. 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. అదే ఏడాది సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా అధికారులు దానిలో గోవా నుంచి ప్రపంచ యాత్రకు బయలుదేరారు. సారథి లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువారు, విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన లెఫ్టినెంట్ బి. ఐశ్వర్య. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, ఫాక్‌లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగి, 21,600 నాటికల్ మైళ్లకు పైగా ప్రయాణించి 2018 మే 21న తిరిగి వచ్చారు. చివరి దశలో చుక్కాని యంత్రాంగంలో లోపం రావడంతో అనుకోకుండా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవాల్సి వచ్చింది. తెరచాపలన్నీ బాగానే ఉన్నా, బలం ప్రవహించే దారిలో ఒక్క లోహపు భాగం అలసిపోతే ఎంత పెద్ద యాత్ర అయినా ఆగుతుంది.

2024 అక్టోబర్ 2న అదే తారిణి మళ్లీ ప్రపంచ యాత్రకు వెళ్లింది. ఈసారి ఇద్దరే, లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా కె., రూపా ఎ. 2025 మే 29న గోవా చేరారు. ఆరుగురు వంతులవారీగా చేసిన పని ఇద్దరు చేయాలంటే ప్రతి తాడూ ఒక్కరే లాగగలిగేలా, ఒక్క చేత్తో వదలగలిగేలా ఉండాలి. అంత పెద్ద తెరచాపల పడవలో వించ్ బలం, రాపిడి లెక్క, క్లచ్ పట్టు సౌకర్యాలుగా మిగలవు. మనుషుల ఓపిక ఎన్ని నెలలు నిలుస్తుందన్నది వాటి మీదే ఆధారపడుతుంది.

కేరళకు చెందిన అభిలాష్ టోమీ ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ పోటీలో 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో నిలిచాడు. ఆ పోటీకి 1988కి ముందు రూపొందించిన పడవలనే అనుమతిస్తారు. అతను నడిపిన రస్ట్‌లర్ 36 కూడా ఆ తరానిదే. పాత పడవ, దాని సామగ్రిని ఓపికగా సిద్ధం చేసుకుంటే, ఎంత దూరం పోగలదో దానితో తెలుస్తుంది.

పనుల వరస, తర్వాతి సంరక్షణ

ఖర్చు పరిమితమైతే వరస ఇలా ఉండాలి. ముందు డెక్కు పరీక్ష, కుళ్లు మరమ్మతు, కింది పలకలు. తర్వాత రీఫింగ్ తాళ్లు, వాంగ్. ఆ తర్వాత హాలియార్డ్‌లు, వాటితోపాటే మాస్టు కొస చక్రాలు, క్లచ్‌లు. వించ్‌ల శుభ్రత ఏ దశలోనైనా చేసుకోవచ్చు. ట్రావెలర్, షీట్ కప్పీల పట్టాలు చివరికి. చాలామంది చివరిదాన్ని ముందు కొంటారు, ఎందుకంటే అది కంటికి కనిపించే మార్పు.

మన ఎండలకు తాటి ప్రాణం తక్కువ. కోస్తాలో మే నెల ఎండ, ఉప్పు గాలి కలిసి తొడుగును గరుకుబరుస్తాయి. ప్రయాణం ముగిశాక మంచినీటితో కడగడం, నీడన ఆరబెట్టడం, పడవ నిలిపినన్నాళ్లూ హాలియార్డ్‌లను తీసి సన్నని తాటిని వాటి స్థానంలో ఉంచడం చాలా ఏళ్లు కలిసొచ్చే అలవాట్లు. హాలియార్డ్ ఎప్పుడూ ఒకే చోట చక్రం మీద ఒరుసుకుంటుంది. ఏడాదికోసారి ఆ కొసన అడుగు మేర కోసి కన్ను తిరిగి అల్లితే ఒరుపు కొత్త చోటికి మారుతుంది. అందుకే హాలియార్డ్‌ను మొదట్లోనే రెండు మూడు అడుగులు ఎక్కువగా కొనాలి. షీట్లను సగం జీవితం గడిచాక తలకిందులు చేసి వేయాలి. తొడుగు చిరిగి లోపలి నార కనబడిన తాటిని మాత్రం ఇంకొక్కసారి అనుకుంటూ వాడకూడదు. దాన్ని పడవను గట్టుకు కట్టడానికి పక్కన పెట్టాలి.